పసుపు అంటిన సిఫారసు

ఆ ఉదయం మిక్సీ ఒక్క క్షణం ముందు ఆగి ఉంటే ఆదెమ్మకు అంత దుఃఖం వచ్చేది కాదు. ఆమె కొబ్బరి పచ్చడి రుబ్బుతోంది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న కొడుకుతో కోడలు హైమావతి ఏదో చెబుతోంది. ఆ మాటల్లో సగం కొబ్బరితో పాటు నలిగిపోగా, మిగిలిన సగం ఆదెమ్మ చెవిన పడింది: "... హెచ్‌డీబీకి అప్లై చేస్తున్నాను. నెలాఖరులోపల కాయితాలు అందాలి. అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియట్లేదు."

సింగపూర్‌లో హెచ్‌డీబీ అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. ఫ్లాట్లు కట్టి ఇచ్చే సర్కారు సంస్థ. బిషాన్‌లో పదకొండో అంతస్తులో ఆదెమ్మ కాపురమున్న ఫ్లాటూ వాళ్ళు ఇచ్చిందే. కోడలు దానికి అప్లై చేస్తోందంటే వేరు కాపురం పెడుతోందన్నమాట. ఆదెమ్మ మిక్సీ కట్టేసింది. మనసు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చారు. అందుకే ఆమె తెలుగులో తమిళం, మలయ్ కలిసి ముచ్చటగా మూడు భాషలుంటాయి. భర్త బంగారయ్య హార్బరులో సముద్రం అడుగు మట్టి తోడే పడవ మీద ముప్ఫైఆరేళ్ళు పనిచేసి దిగాడు. పేరులో బంగారం, పనిలో బురద. కొడుకు సాయిబాబు ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఉన్నాడు. ఆ కంపెనీ ఏం అమ్ముతుందో వాడూ సరిగా చెప్పలేడు. "డాట్ కామ్ అంటున్నావు. డాటు కనిపిస్తోంది, కాము ఏదిరా?" అని తండ్రి వాణ్ణి వారానికొకసారైనా అడుగుతుంటాడు.

హైమది కాకినాడ. ఆరేళ్ళ కిందట పెళ్ళై వచ్చింది. చదివింది సివిల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. ఇటుకలు పేర్చాల్సిన ఇంజనీర్లంతా ఐటీకలు పేరుస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం వచ్చి, కంప్యూటర్ల గండం గడిచి, మూడో నెల నడుస్తోంది. ఉద్యోగాలు వీధిలోకొచ్చి మరీ పిలుస్తున్నాయి. అలాంటప్పుడు వేరు ఫ్లాటు కొనుక్కోవడానికి కోడలికి అడ్డేముంది? ఆదెమ్మ మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో కూరగాయల దగ్గర స్నేహితురాలు రాములమ్మ కనిపిస్తే ఇదే చెప్పుకుని కళ్ళొత్తుకుంది. కోడలి మీద నాలుగు మాటలు తను అంది, నాలుగు రాములమ్మ చేత అనిపించుకుంది. చిక్కుడుకాయలు కొనడం మాత్రం మరిచిపోయింది.

సాయంత్రం హైమ ఆఫీసు నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద గిన్నెలు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒక కుప్ప మీద ప్రెషర్ కుక్కరు కిరీటంలా కూర్చుని ఉంది. అత్తగారు గుడికి పాత్రలు ఇస్తున్నారేమోననుకుని హైమ, తనూ రెండు తెచ్చి కలపనా అని అడిగింది. అది ఆదెమ్మకు మరీ మండింది.

"ఇది నీ వాటా. చూసుకో. ఇంతకీ ఏ పేట? ఆంగ్ మో కియోనా, ఇంకా దూరమా?"

"ఏ పేటేమిటత్తయ్యా?"

"నెలాఖరులోపల కాయితాలు అందాలన్నావు గదా. నా చెవులతో విన్నాను."

సాయిబాబుకు ముందు అర్థమైంది. వాడు నవ్వుతూ కుర్చీలో కూలబడ్డాడు. "హెచ్‌డీబీ కాదమ్మా, పీహెచ్‌డీ. ఇల్లు కాదు, చదువు."

ఆదెమ్మ ముఖం ముందు వికసించింది, వెంటనే ముడుచుకుంది. ఉదయం నుంచి కోడల్ని అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కుక్కరు తీసి గబగబా అలమరలో పెట్టేసింది. ఆ చదువెక్కడ అని అడిగితే హైమ తల వంచుకుని హాలండు అంది. నాలుగేళ్ళట. సీటొస్తే ముందు తను వెళ్ళడం, పని తెమిలాక సాయిబాబు వెళ్ళడం.

బంగారయ్య అసలు లెక్కలోకి దిగాడు. ఫీజు ఎవరు కడతారని అడిగాడు.

"వాళ్ళే మావయ్యా. ఫీజు లేదు. పైగా నెలనెలా జీతం ఇస్తారు. ఇలాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల స్కాలర్‌షిప్ అంటారు, కొన్నిచోట్ల ఫెలోషిప్..."

"హార్బరులో అన్నేళ్ళున్నాను, ఈ షిప్పులు ఎప్పుడూ చూళ్ళేదు. చదువుకుంటే జీతమిచ్చే రేవు ఎక్కడుందమ్మా?"

హైమ లోపలికి వెళ్ళి పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో అట్టముక్కలు, ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రొఫెసరు. మూడేళ్ళుగా ఆదివారాలు లైబ్రరీకి వెళుతోందంటే ఏవో నవలల కోసమని ఆదెమ్మ అనుకుంది. హైమ అక్కడ పరిశోధన పత్రికలు తిరగేసి, యూనివర్సిటీ పేరు చూసి కాక, ఎవరి పని చదువుతుంటే తనకు నిద్ర రాదో వాళ్ళ పేర్లు రాసుకునేది. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి పంపేది కాదు. వాళ్ళు రాసిన వ్యాసం చదివి, అందులో తనకు తట్టిన ప్రశ్న ఒకటి అడిగేది. నలభై ముగ్గురికి ఉత్తరాలు రాస్తే ప్రత్యుత్తరాలు పదిహేడు. మిగతావాళ్ళు నిరుత్తరులు.

ఆ పదిహేడులో పదకొండు చోట్ల సీటుంది, నిధి లేదు. వాటిని హైమ పక్కన పెట్టేసింది. ఇంటి సొమ్ము తీసి చదవకూడదని తనకు తను పెట్టుకున్న నియమం. నిధి ఉన్న ఆరింటిలో నాలుగు అప్పటికే నిండిపోయాయి. నిరుడు ఒకచోట కాదన్నారు. కాదన్నందుకు ఏడవకుండా, ఎందుకు కాదన్నారో చెప్పమని మళ్ళీ రాసింది. నీ ప్రతిపాదన నాలుగేళ్ళ పని కాదు, ఎనిమిదేళ్ళ పని అని జవాబొచ్చింది. అప్పుడు దాన్ని సగానికి కోసి తొమ్మిదిసార్లు తిరగరాసింది. ఇప్పుడు మిగిలింది హాలండులోని ఒక్క స్థానం. దానికి అప్లై చేసే ముందు, ఆ ప్రొఫెసరు దగ్గర పనిచేస్తున్న విద్యార్థిని పట్టుకుని రెండే ప్రశ్నలడిగింది. ఆయన మనం రాసింది చదువుతాడా, డబ్బు చివరిదాకా వస్తుందా. రెండింటికీ అవుననే వచ్చింది.

"పెళ్ళి సంబంధాలు కూడా ఎవరూ ఇంత వెతకరు," అంది ఆదెమ్మ. తనకు తెలియకుండానే ఒక్కో అట్టముక్కనూ చీర కొంగుతో తుడిచి పెడుతోంది.

ఇంతకీ దేని మీద చదువని బంగారయ్య అడిగాడు. రేవు ముఖాల్లో ఒండ్రు ఎలా పేరుకుంటుందో, దాన్ని మళ్ళీమళ్ళీ తోడకుండా ఉండటమెలాగో అని హైమ చెప్పింది. ఆయన చేతిలో చెంచా కింద పెట్టాడు. ముప్ఫైఆరేళ్ళు తోడిన మట్టి గురించి అడిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకు లేరు. ఆ తరవాత గంటసేపు మావగారు చెప్పడం, కోడలు రాసుకోవడం.

సాయిబాబుకు మాత్రం ఒక బెంగ ఉంది. ఈ జోరులో ఇంత జీతం వదులుకుంటారా అని ఆఫీసులో అందరూ నవ్వుతున్నారన్నాడు. హైమ డబ్బా మూత పెడుతూ, జీతానికీ జీవితానికీ మధ్య ఒక్క 'వి' తేడా ఉందనీ, తనకు ఆ విద్య కావాలనీ అంది.

కాయితాలన్నీ కూడాయి. ఇంక కావాల్సినవి మూడు సిఫారసు ఉత్తరాలు. కాకినాడ నుంచి ఒకటి వచ్చింది. ఆఫీసు మేనేజరు ఒకటి ఇచ్చాడు. మూడోది ప్రొఫెసర్ లిమ్‌ది. హైమ సాయంత్రాలు ఎమ్మెస్సీ చదివింది ఆవిడ దగ్గరే. గురువారం మూడు కవర్లూ ఇంట్లో ఉన్నాయి. శనివారం ఒంటిగంటలోపల అన్నీ ఒక పెద్ద కవరులో పెట్టి కొరియరుకు ఇవ్వాలి. అది దాటితే సోమవారానికి హాలండు చేరవు. చేరకపోతే మూడేళ్ళ వెతుకులాట మళ్ళీ మొదటికొస్తుంది. ఆ రేవులో ఉన్నది ఆ ఒక్క చోటే.

శుక్రవారం ఉదయం కొడుకూ కోడలూ వెళ్ళాక, ఆదెమ్మ ఆ మూడు కవర్లనూ దేవుడి గూటి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. తను అన్న మాటలకు ఏదో ఒక మంచి చేసి తీరాలనిపించింది. ఆ ఇంట్లో శుభమైన కాయితమేదీ నాలుగు మూలలా పసుపు లేకుండా గడప దాటదు. శుభలేఖలు సరే, సాయిబాబు స్కూలు దరఖాస్తుకీ, బంగారయ్య పింఛను కాయితాలకీ, ఆఖరికి ఫ్లాటు దరఖాస్తుకీ ఆమె పసుపు పెట్టింది. అన్నీ మంజూరయ్యాయి కూడా. అయితే నాయనమ్మ చెప్పిన పద్ధతి ఒకటుంది. కవరు మీద పెడితే అది పైపూత. లోపలి కాయితానికే అంటాలి.

ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, ప్రొఫెసర్ లిమ్ కవరును ఆవిరి మీద పట్టింది. అంటు మెత్తబడి మడత విడిపోయింది. దాని మీద అడ్డంగా ఉన్న నీలం సంతకం కాస్త చెమ్మగిల్లి పాకింది. అదో అందం అనుకుంది ఆదెమ్మ. కాయితం విప్పి, నాలుగు మూలలా వేలితో పసుపు అద్దింది. ఆరడానికి పట్టుకు నుంచుంటే, ఊరికే ఉండలేక, ఏం రాసిందో చూడమని భర్తకిచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. బంగారయ్య కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ తెలుగులో చెప్పాడు.

"ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నానంటోంది. తన లెక్క తప్పని తనే పట్టుకుని, మార్కులు పోతాయని తెలిసి కూడా వచ్చి చెప్పిన విద్యార్థి తన దగ్గర ఈమె ఒక్కతేనట."

ఆయన ఆగాడు. తరవాతి వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు.

"పగలంతా ఉద్యోగం చేసి క్లాసుకొచ్చేది, ఒక్కరోజు మానలేదు, ఒక్కరోజు అలసటని చెప్పలేదు. ఈమెను నాకు పోగొట్టుకోవాలని లేదు, కానీ ఉంచుకుంటే నేను స్వార్థపరురాలినవుతాను, అని రాసిందే."

ఆదెమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఎవరో చీనావిడకు తెలిసిన హైమ, ఆరేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న తనకు తెలియలేదు. కళ్ళనీళ్ళు కాయితం మీద పడతాయేమోనని బంగారయ్య దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. మిగతా రెండు కవర్లు విప్పే ఓపిక ఆమెకు లేకపోయింది. అన్నం మెతుకులు మెదిపి ఆ ఒక్కదాన్నీ మళ్ళీ అతికించి, గూట్లో పెట్టేసింది.

సాయంత్రం హైమ కవర్లు తీసి లెక్క చూసుకుంటూ ఒకచోట ఆగిపోయింది. మడత మీది సంతకం రెండుగా విరిగి, పై సగానికీ కింది సగానికీ కుదరడం లేదు. అంచున పసుపు వేలిముద్ర. ఆమె కేకలు వేయలేదు. ఎవరు విప్పారని మెల్లగా అడిగి, జవాబు రాకముందే నేల మీద కూర్చుండిపోయింది.

పసుపు పెట్టడం తప్పేటని ఆదెమ్మ అడిగింది. సాయిబాబు మండిపడ్డాడు. అది రాసినవాళ్ళు మూసి, మూత మీద సంతకం చేస్తే, అక్కడ చదివేవాళ్ళే విప్పాలని చెప్పాడు. మధ్యలో ఎవరు విప్పినా ఉత్తరం చెల్లదన్నాడు. "కవరుకి సీలే శీలం అమ్మా. ఇప్పుడు ఈ ఉత్తరానికి విలువేముంది?"

ఆ మాట అనేశాక, తనే దారి వెతికాడు. సంతకం సగాలు కలిసేలా మళ్ళీ అతికించి, నీలం పెన్నుతో సరిదిద్దితే ఆరువేల మైళ్ళ అవతల ఎవరికి తెలుస్తుందన్నాడు.

"నాకు తెలుస్తుంది," అంది హైమ. "ఆ ఉత్తరం నేను చూడనని సంతకం పెట్టాను బావా. అందులో ఏముందో నాకు తెలియదన్న నమ్మకం మీదే వాళ్ళు దాన్ని చదువుతారు. దిద్ది పంపితే ఆ చదువు మొదటి రోజే అబద్ధమవుతుంది."

కోడలి ముఖం చూసి ఆదెమ్మకు ఆగలేదు. కిందకు వంగి ఆమె గడ్డం పట్టుకుని, ఊరడించబోయింది. "మంచిగానే రాసిందే తల్లీ. ఏమందంటే, ఇరవై రెండేళ్ళుగా..."

హైమ చటుక్కున అత్తగారి నోటికి చేయి అడ్డం పెట్టింది.

"వద్దత్తయ్యా. నేను వినకూడదు. దయచేసి."

తన మీద రాసిన మెచ్చుకోలు వినడానికి భయపడే మనిషిని ఆదెమ్మ అంతవరకు చూడలేదు. బంగారయ్య చదివిన మొదటి వాక్యం కళ్ళెదుట కూర్చుని ఉన్నట్టనిపించింది. ఎంత పని పాడు చేసిందో అప్పుడు అర్థమైంది.

ప్రొఫెసర్ లిమ్ ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. రేపు ఉదయం కాలేజీలో పదకొండింటిదాకా ఉంటారని హైమకు తెలుసు. కానీ ఏ ముఖం పెట్టుకుని మళ్ళీ రాయమనాలో తెలియక, రెండు ఉత్తరాలే పంపి, మూడోది లేనందుకు క్షమాపణ రాస్తానంది. అలా పంపితే దరఖాస్తు చదవకుండానే పక్కన పెడతారని కూడా ఆమెకు తెలుసు.

శనివారం పొద్దున్నే ఆదెమ్మ ఇస్త్రీ చీర కట్టింది. బంగారయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు. గుడికేమోనని సాయిబాబు అనుకున్నాడు. ఇద్దరూ బిషాన్‌లో రైలెక్కి, ఒకచోట మారి, బూన్ లేలో దిగి, అక్కడి నుంచి బస్సులో కాలేజీ చేరారు.

ప్రొఫెసర్ లిమ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఆదెమ్మ వయసు మనిషే. ఇంగ్లీషు రాని తెలుగావిడా, తెలుగు రాని చీనావిడా ఏం మాట్లాడుకోవాలి? ఆ తరం వాళ్ళకు ఈ దీవిలో ఒక దారి ఉంది. ఇద్దరూ బజారు మలయ్‌లో పడ్డారు. ఆదెమ్మ కవరు బల్ల మీద పెట్టి, 'మిన్తా మాఫ్' అంది. క్షమించమని. ఇడ్లీ పాత్ర దగ్గర నుంచి అన్నం మెతుకుల దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. కోడలు దిద్ది పంపడానికి ఒప్పుకోలేదనీ, చెప్పబోతే నోరు మూసిందనీ చెప్పింది. నాలుగు రోజుల కిందట పక్కపేట ఆంగ్ మో కియోకి వెళ్ళిపోతారని ఏడ్చిన మనిషి, ఇప్పుడు హాలండుకి పంపించమని బతిమాలుతోంది.

ప్రొఫెసరు పసుపు మూలల్ని వేలితో తాకి చూసింది. మళ్ళీ రాసిస్తానంది. కంప్యూటరు ముందు కూర్చుని, అంతలోనే ఇటు తిరిగి, ఒక ప్రశ్న అడిగింది. "మీ ఆయన చదివారు కదా. నేను ఏదైనా వదిలేశానా?"

ఆదెమ్మ చీర అంచు నలిపింది.

కోడలు బియ్యం కడిగిన నీళ్ళు పారబోయనివ్వదని చెప్పింది. గాజు గ్లాసులో పట్టి, కిటికీలో పెట్టి, ఆ తెలుపు ఎంతసేపటికి అడుక్కి దిగుతుందో గడియారం చూస్తూ నిలబడుతుంది. ఒకరోజు ఉప్పేసి చూస్తుంది, ఒకరోజు వెయ్యకుండా చూస్తుంది. పొయ్యి మీద కూర మాడినా కదలదు. "అన్నాళ్ళూ బద్ధకం అనుకున్నాను," అంది ఆదెమ్మ. "అది చదువని నాకు తెలియలేదు."

ప్రొఫెసర్ లిమ్ నవ్వలేదు. తల ఊపి, అటు తిరిగి టైపు చేయడం మొదలుపెట్టింది. పాత ఉత్తరం కంటే ఇది నాలుగు వరసలు పొడుగని బంగారయ్య దూరం నుంచే లెక్కపెట్టాడు. ఆవిడ సంతకం చేసి, మడిచి, అంటించి, మూత మీద అడ్డంగా మళ్ళీ సంతకం చేసింది. ఆదెమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, బస్సులోనూ రైల్లోనూ ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. చెమట తగులుతుందని మధ్యలో బంగారయ్య చేతి రుమాలు కింద పరిచాడు.

పన్నెండుంపావుకి ఇల్లు చేరారు. రెండు ఉత్తరాలతో కట్ట కడుతున్న హైమ ముందు ఆదెమ్మ మూడోది పెట్టింది. హైమ సంతకం వైపు చూసింది, అత్తగారి చెప్పుల దుమ్ము వైపు చూసింది. ఏం జరిగిందో తెలిసి, లేచి ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చింది. కట్ట తీసుకుని సాయిబాబు కొరియరు ఆఫీసుకు పరుగెత్తాడు. ఒంటిగంటకు పది నిమిషాలుండగా అందిందని అక్కడి నుంచే ఫోను చేశాడు.

సాయంత్రం రాములమ్మ, ఆమె కోడలూ ఫ్లాటు సంగతి కనుక్కోవడానికి వచ్చారు. ఆదెమ్మ వాళ్ళను కూర్చోబెట్టి, కోడలికి హెచ్‌డీబీ లేదు, ఉన్నది పీహెచ్‌డీ అని మొదలుపెట్టి, మూసిన కవరు ఎందుకు విప్పకూడదో యూనివర్సిటీవాళ్ళకంటే బాగా చెప్పింది. "పొగిడేవాళ్ళు పొగిడించుకునేవాళ్ళ ముఖం చూడకుండా రాయాలి. అప్పుడే అది నిజం. మధ్యలో మనం చెయ్యి పెడితే, అది పసుపు చెయ్యైనా సరే, నిజం చెడుతుంది. నేను పెట్టాను. నాకు తెలియక పెట్టాను." సీటొస్తుందో రాదో ఇంకా తెలియదు గదా అని రాములమ్మ అంది. తెలియకపోయినా ఇంతవరకు చేసింది చాలదా అని ఆదెమ్మ ఆమెనే తిరిగి అడిగింది.

వాళ్ళు వెళ్ళాక హైమ గ్లాసులు తీస్తూ, అత్తగారి వైపు చూడకుండా అడిగింది. "ప్రొఫెసర్ గారు ఏమన్నారత్తయ్యా?"

బంగారయ్య పేపరు దించాడు. సాయిబాబు టీవీ చప్పుడు తగ్గించాడు. విన్నది విన్నట్టు రాత్రిలోపల పది ఇళ్ళకు చేర్చే మనిషిని ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

"టీ ఇచ్చింది," అంది ఆదెమ్మ. "పంచదార ఎక్కువ."